తాగి నడిపిన బండి: జరిమానా పదివేలు, మిగతా లెక్క ఎంత?

మద్యం తాగి బండి నడుపుతూ దొరికితే ఎంత కట్టాలి అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు పదివేలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185కి 2019లో చేసిన సవరణతో, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన అంకె అది. అంతకుముందు మొదటిసారి జరిమానా గరిష్ఠంగా 2,000 ఉండేది. పదివేలు నిజమే కానీ, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా చిన్న ఖర్చు అదే. ఒక రాత్రి చేసిన ఒక తప్పు నాలుగు చోట్ల విడివిడిగా లెక్కకు వస్తుంది. మేజిస్ట్రేట్ కోర్టు, ఆర్టీఏ ఆఫీసు, బీమా కంపెనీ, ఎవరికైనా దెబ్బ తగిలితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. ఒకచోట జరిమానా కట్టి బయటపడ్డామని ఇంకోచోట వదిలిపెట్టరు. ఒక్కోచోట రుజువు కోసం చూసేది కూడా వేరే. ఇది తెలియక పదివేలతో పోయింది అనుకున్న కుటుంబాలు, రెండేళ్ల తర్వాత ట్రిబ్యునల్ నోటీసు చూసి కూలబడుతున్నాయి.

30 దాటడానికి ఎంత తాగాలి?

100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. బ్రీత్ అనలైజర్ తెర మీద కనిపించే 45, 90, 160 అన్నీ ఈ కొలతలోనివే. యంత్రం నేరుగా రక్తాన్ని కొలవదు. ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలిలోని ఆల్కహాల్‌ను కొలిచి, ఊపిరిలో ఉన్నదానికి రక్తంలో సుమారు 2,100 రెట్లు ఉంటుందన్న నిష్పత్తితో రక్తంలోకి మార్చి చూపుతుంది. అందుకే దీర్ఘంగా, ఆపకుండా ఊదమంటారు. పైపైన ఊదితే యంత్రం తీసుకోదు.

ఇక మోతాదు లెక్క. 8 శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగవాడు ఖాళీ కడుపుతో దాన్ని త్వరగా తాగేస్తే రక్తంలో 85 దాకా చేరుతుంది. 60 మిల్లీలీటర్ల విస్కీ లార్జ్ పెగ్గులో 20 గ్రాములు, అంటే అదే మనిషికి 40 పైచిలుకు. ఒక్క పెగ్గే పరిమితి దాటించగలదు. 55 కిలోల మహిళకు అదే పెగ్గు 65 దాకా తీసుకెళ్తుంది, ఎందుకంటే బరువు తక్కువ, శరీరంలో నీటి శాతమూ తక్కువ. తిండి తిన్నారా, ఎంత నిదానంగా తాగారు అన్నదాన్ని బట్టి ఈ అంకెలు కిందికి జరుగుతాయి. కానీ 30 అనే గీత ఎంత కింద ఉందో తెలుసుకోవడానికి ఇవి చాలు.

తాగింది దిగే వేగం మన చేతిలో లేదు. కాలేయం రక్తంలోని అంకెను, ఇదే కొలతలో, గంటకు సుమారు 15 చొప్పున తగ్గిస్తుంది. మనిషిని బట్టి అది 10 నుంచి 20 మధ్య ఉండొచ్చు. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం దీన్ని తొందరపెట్టవు. ఏలకులు, పాన్, చూయింగ్ గమ్ వాసనను కప్పుతాయేమో కానీ యంత్రం కొలిచేది వాసనను కాదు. ఇక్కడే చాలామంది తెల్లవారుజామున దొరికిపోతారు. రాత్రి 11 గంటలకు క్వార్టర్ ముగించిన 70 కిలోల మనిషి రక్తంలో ఆల్కహాల్ 125 దాకా ఉండొచ్చు. ఆరు గంటలు నిద్రపోయి ఉదయం 5కి స్టీరింగ్ పట్టుకునేసరికి అది ఇంకా 35 దగ్గరే ఉంటుంది. పెళ్లికి వెళ్లి రాత్రి తాగి, తెల్లారగట్ల కుటుంబాన్ని ఎక్కించుకుని హైవే ఎక్కే ప్రయాణం ఇంకా ప్రమాదకరం. మత్తు దిగిందని మనసు చెబుతుంది, నిద్ర మాత్రం చాలి ఉండదు.

సెక్షన్ 185లో రెండో భాగం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మత్తుమందు ప్రభావంలో బండిని అదుపు చేయలేని స్థితిలో నడపడం కూడా అంతే నేరం. దానికి 30 లాంటి అంకె లేదు, స్థితిని బట్టే నిర్ణయం. గంజాయి తాగి నడిపితే ఈ సెక్షన్‌తో పాటు మాదకద్రవ్యాల చట్టం సెక్షన్ 27 కింద వాడకం కేసు కూడా పడుతుంది. కల్లు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం లాంటి నిద్రమందులు కలిపిన కేసులు పదేపదే బయటపడ్డాయి. అలాంటి కల్లు తాగినవాడికి యంత్రంలో అంకె తక్కువ వచ్చినా రెండో భాగం కింద కేసు నిలబడగలదు.

రోడ్డు మీద ఆపినప్పుడు

యూనిఫాంలో ఉన్న పోలీసుకు ఊదమని అడిగే అధికారం సెక్షన్ 203 ఇస్తుంది. నడపడమే కాదు, నడపబోవడమూ నేరమే. బార్ ముందు ఇంజన్ స్టార్ట్ చేసి గేరు వేసినా చాలు. ఊదనంటే బయటపడొచ్చన్న సలహా స్నేహితుల మధ్య బాగా తిరుగుతుంది. అది తప్పు. తాగి ఉన్నాడన్న సహేతుకమైన అనుమానం ఉంటే, నిరాకరించిన మనిషిని వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. ఆపైన, సరైన కారణం లేకుండా నిరాకరించడాన్ని కోర్టు ప్రాసిక్యూషన్‌కు బలమిచ్చే అంశంగా తీసుకోవచ్చని సెక్షన్ 205 చెబుతుంది. ఊదితే అంకె మీద వాదించవచ్చు. ఊదకపోతే ఆ అవకాశం కూడా పోతుంది.

ఊదేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రతి మనిషికీ కొత్త గొట్టం పెట్టాలి. మీరు ఊదకముందు యంత్రం సున్నా చూపాలి. మౌత్‌వాష్, ఆల్కహాల్ కలిసిన దగ్గు సిరప్, హోమియో చుక్కలు అప్పుడే తీసుకుని ఉంటే నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల అంకె తప్పుగా పెరుగుతుంది. అది పావుగంటలో పోతుంది కాబట్టి ఆ సంగతి వెంటనే చెప్పి, నోరు పుక్కిలించి, 15 నిమిషాలాగి మళ్లీ ఊదించమని అడగాలి. అప్పటికీ అంకె తప్పే అనిపిస్తే రక్త పరీక్షకు పంపమని కోరాలి. ఈ కోరిక నోటితో కాకుండా, సంతకం పెట్టమన్న కాగితం మీదే రాయడం మంచిది. వారం తర్వాత కోర్టులో చెబితే దానికి విలువ ఉండదు. యంత్రం ఇచ్చే చీటీలో తేదీ, సమయం, అంకె ఉంటాయి. దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.

అరెస్టు చేస్తే ఇంకో రక్షణ ఉంది. సెక్షన్ 202 ప్రకారం 185 కేసులో అరెస్టయిన మనిషికి రెండు గంటల్లోగా డాక్టరు చేత వైద్య పరీక్ష చేయించాలి, లేకపోతే విడుదల చేయాలి. ఇది అరెస్టయినవారికే. మామూలుగా తనిఖీల్లో దొరికినవారిని అరెస్టు చేయకుండా చీటీ, నోటీసు ఇచ్చి పంపేస్తారు. వారికి ఈ గడియారం మొదలు కాదు.

బండి సంగతి గురించి తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో స్పష్టంగా ఆదేశాలిచ్చింది. తాగి నడిపారన్న ఒక్క కారణంతో పోలీసులు వాహనాన్ని సీజ్ చేసి ఉంచుకోకూడదు. పక్కన తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే అతనికి ఇవ్వాలి. లేకపోతే బంధువుకో స్నేహితుడికో కబురు చేసి అప్పగించాలి. ఎవరూ రాకపోతేనే తాత్కాలికంగా స్టేషన్లో ఉంచి, ఆర్సీ, గుర్తింపు కార్డు, లైసెన్సు చూపిన యజమానికి వదిలిపెట్టాలి. కాబట్టి తనిఖీలో దొరికిన వెంటనే చేయాల్సిన పని, వాదన పెంచుకోవడం కాదు, తాగని మనిషికి ఒకరికి ఫోన్ చేయడం.

చలానా కట్టేసి పోలేమా?

పోలేం. చాలా ట్రాఫిక్ ఉల్లంఘనలను సెక్షన్ 200 కింద రోడ్డు మీదో ఆన్‌లైన్‌లోనో డబ్బు కట్టి ముగించవచ్చు. 185 ఆ జాబితాలో లేదు. ప్రతి కేసూ మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లాల్సిందే. రోడ్డు మీదే ఇంత ఇచ్చేస్తే చాలని ఎవరైనా అంటే అది లంచం, దాన్ని ఇవ్వడం ఇంకో నేరం.

హైదరాబాద్‌లో అయితే దారి ఇలా సాగుతుంది. దొరికిన కొద్ది రోజుల్లో గోషామహల్ లేదా బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్‌కు రావాలని చెబుతారు. ఇంటివాళ్లను, అంటే తల్లిదండ్రులనో భార్యనో భర్తనో వెంట తీసుకురమ్మంటారు. ఆ తర్వాత ఛార్జిషీటు, కోర్టు తేదీ. నేరం ఒప్పుకుంటే సాధారణంగా ఆ రోజే తేలిపోతుంది. మొదటిసారికి చట్టం చెప్పే శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ. అంకె బాగా ఎక్కువ వచ్చినవారికి, మళ్లీ దొరికినవారికి కొన్ని రోజుల సాధారణ జైలు వేయడం ఇక్కడి కోర్టుల్లో కొత్త విషయం కాదు. ఇది బెయిలబుల్ నేరమే. కానీ తేదీకి వెళ్లకపోతే నాన్ బెయిలబుల్ వారెంటు వస్తుంది. చిన్న కేసే కదా అని కౌన్సెలింగ్‌కు వెళ్లి, కోర్టును మరిచిపోయేవారికి జరిగేది ఇదే.

ఒప్పుకోవడం అంటే కేసు కొట్టేయించుకోవడం కాదు. అది కన్విక్షన్, నేరం రుజువైనట్టు. జరిమానా రసీదు చేతికొచ్చిన క్షణం నుంచి మీరు నేరం చేశారన్న తీర్పు రికార్డులో ఉంటుంది. ఇంకోసారి దొరికితే రెండో నేరం లెక్క మొదలయ్యేది ఇక్కడి నుంచే. అంకె నిజంగా తప్పని నమ్మేవారు, ఆ వివాదానికి ఆధారాలున్నవారు, సంతకం పెట్టకముందే వకీలుతో మాట్లాడాలి.

లైసెన్సు మీద దెబ్బ రెండు వైపుల నుంచి వస్తుంది. సెక్షన్ 20 ప్రకారం 185 కింద శిక్ష వేసిన కోర్టు కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హుడిగా ప్రకటించాలి. అది కాక, పోలీసు సెక్షన్ 206 కింద లైసెన్సు తీసుకుని ఆర్టీఏకు పంపితే, అక్కడి అధికారి వాదన విని మొదటిసారికి మూడు నెలలు సస్పెండ్ చేయవచ్చు, రెండోసారికి ఏకంగా రద్దు చేయవచ్చు. ఆ కాలంలో బండి నడిపితే సెక్షన్ 182 కింద మూడు నెలల దాకా జైలు లేదా పదివేల జరిమానా. అంతకన్నా పెద్ద ముప్పు, అనర్హత ఉన్న రోజుల్లో ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి చేతికి దొరికే రెండో ఆయుధం అదే. క్యాబ్, ఆటో, లారీ నడిపి బతికేవారికి ఈ ఆరు నెలలు జరిమానాకన్నా ఎన్నో రెట్లు ఖరీదు. నెలకు 25,000 సంపాదించే డ్రైవర్‌కు అది లక్షన్నర.

ఫుల్ ఇన్సూరెన్స్ ఉందనే ధైర్యం

ఇక అసలు డబ్బు దగ్గరికి వద్దాం. ఫుల్ ఇన్సూరెన్స్ అని మనం పిలిచే పాలసీలో మూడు వేర్వేరు ఒప్పందాలుంటాయి. మీ బండికి జరిగిన నష్టం, యజమాని-డ్రైవర్ ప్రమాద బీమా, ఎదుటివారికి ఇవ్వాల్సిన పరిహారం. తాగిన మనిషి నడిపిన బండి విషయంలో ఈ మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి.

మొదటిది, సొంత బండి నష్టం. పాలసీదారుగానీ, అతని అనుమతితో నడిపే మనిషిగానీ మద్యం లేదా మత్తుమందు ప్రభావంలో ఉండగా జరిగిన నష్టానికి చెల్లించం అని పాలసీ పత్రంలోనే రాసి ఉంటుంది. 12 లక్షల కారు, దాని మీద 8 లక్షల అప్పు మిగిలి ఉందనుకోండి. కారు తుక్కయింది, క్లెయిమ్ తిరస్కరించారు. బ్యాంకుకు కారు ఉందా లేదా అన్నది సంబంధం లేదు. 9.5 శాతం వడ్డీతో ఐదేళ్ల అప్పయితే నెలకు సుమారు 16,800 చొప్పున, లేని కారుకు పది లక్షలు కట్టాలి.

ఇక్కడే చాలామంది వేసే లెక్క తప్పుతుంది. పోలీసులు ఊదించలేదు, రక్తం తీయలేదు, 185 కేసు లేదు, కాబట్టి బీమా కంపెనీ ఏమీ చేయలేదు అనుకుంటారు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, బీమా కంపెనీ ఇఫ్కో టోకియోకూ కారు యజమాని పెర్ల్ బెవరేజెస్‌కూ మధ్య నడిచిన కేసులో ఈ ధీమాను తోసిపుచ్చింది. 2007 డిసెంబరు రాత్రి ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఒక పోర్షె కారు పేవ్‌మెంటును గుద్ది, బోల్తాపడి కాలిపోయింది. డ్రైవర్‌కు బ్రీత్ టెస్టు గానీ రక్త పరీక్ష గానీ చేయలేదు. జాతీయ వినియోగదారుల కమిషన్ కారు యజమాని పక్షాన తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. క్రిమినల్ కేసులో 30 మిల్లీగ్రాముల రుజువు ఉండాలి నిజమే, కానీ పాలసీలో రాసింది మద్యం ప్రభావంలో అని మాత్రమే. పరీక్ష ఫలితం లేకపోయినా ప్రమాదం జరిగిన తీరు, నోటి నుంచి వాసన, ఇతర పరిస్థితులను బట్టి దాన్ని తేల్చవచ్చని చెప్పింది. నిర్మానుష్యమైన, వెడల్పాటి రోడ్డు మీద కారు దానంతటదే వెళ్లి గుద్దుకోవడం ఆ కేసులో ముఖ్యమైన పరిస్థితి.

ఆచరణలో దీని అర్థం ఒక్కటే. ప్రమాదం తర్వాత ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు ఎంఎల్‌సీ (పోలీసు కేసయ్యే గాయాలను నమోదు చేసే) రిజిస్టరులో రాసే ఒక వాక్యం, నోటి నుంచి మద్యం వాసన ఉంది అన్నది, లక్షల రూపాయల వాక్యం. బీమా కంపెనీ సర్వేయరు బండిని చూస్తాడు, ఇన్వెస్టిగేటరు ఆస్పత్రికి వెళ్లి కేస్ షీట్ నకలు తెచ్చుకుంటాడు. డ్రైవర్‌ను మార్చి చెప్పడం, నేను కాదు తమ్ముడు నడిపాడు అనడం, ఇక్కడ బెడిసికొట్టేది కూడా అలాగే. ఎఫ్‌ఐఆర్, ఎంఎల్‌సీ, సీసీ కెమెరా, ఫోన్ లొకేషన్ ఒకదానితో ఒకటి పొసగవు. అప్పుడు క్లెయిమ్ పోవడమే కాదు, మోసం కేసు కూడా మిగులుతుంది.

రెండోది, యజమాని-డ్రైవర్‌కు తప్పనిసరిగా ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. దీనిలోనూ మద్యం ప్రభావం మినహాయింపు ఉంది. తాగి నడిపి తనే చనిపోయిన మనిషి భార్యకు ఆ 15 లక్షలు రావు. విడిగా టర్మ్ పాలసీ ఉంటే దాని మూల మొత్తం మామూలుగా వస్తుంది. ప్రమాద మరణానికి అదనంగా తీసుకున్న రైడర్ మొత్తం మాత్రం ఇదే కారణంతో ఆగిపోతుంది. సంపాదించే మనిషి పోయిన ఇంట్లో, ఉందనుకున్న డబ్బు లేదని తెలిసే రోజు అది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది, తప్పు చేయని పిల్లల మీద ఈ భారం పడటం.

ఎదుటి మనిషి చనిపోతే

మూడోది థర్డ్ పార్టీ. బాధితుడికి బీమా కంపెనీ డబ్బు ఇస్తుంది, కాబట్టి మనకు బాధ లేదు అన్నది ఇంకో అపోహ. 2019 సవరణతో తిరగరాసిన 11వ అధ్యాయం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులోని సెక్షన్ 150, బీమా కంపెనీ లేవనెత్తదగిన అభ్యంతరాల్లో మద్యం, మత్తుమందు ప్రభావంలో నడపడాన్ని పేరుపెట్టి చేర్చింది. అలాగని బాధితుడి కుటుంబాన్ని వట్టి చేతులతో పంపకూడదు కాబట్టి, ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలని కోర్టులు ఆదేశిస్తున్నాయి. వకీళ్లు దీన్ని పే అండ్ రికవర్ అంటారు. బాధితుడికి న్యాయం జరుగుతుంది, బిల్లు మాత్రం మీ ఇంటికి వస్తుంది.

ఆ బిల్లు ఎంతో చూద్దాం. పరిహారం లెక్కకు సుప్రీంకోర్టు 2009లో సర్లా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సూత్రం ఖాయం చేసింది. నెలకు 20,000 సంపాదించే 35 ఏళ్ల తాపీమేస్త్రి చనిపోయాడనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. స్వయం ఉపాధిలో ఉన్న 40 ఏళ్లలోపు మనిషికి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు, అంటే 28,000. ఆధారపడ్డవారు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు, మిగిలేది 21,000. ఏడాదికి 2,52,000. 31 నుంచి 35 ఏళ్ల వయసుకు గుణకం 16. మొత్తం 40,32,000. దీనికి భార్యకు, పిల్లలకు, తల్లికి సాన్నిహిత్యం కోల్పోయినందుకు ఒక్కొక్కరికి, ఆపైన అంత్యక్రియలు, ఆస్తి నష్టం కింద ఇచ్చే మొత్తాలు కలుస్తాయి. 2017లో నిర్ణయించిన ఆ మొత్తాలు మూడేళ్లకోసారి పది శాతం పెరుగుతూ, 2023 పెంపు నాటి లెక్కలో అన్నీ కలిపి సుమారు 2,30,000. మొత్తం 42 లక్షల 60 వేల పైన. పిటిషన్ వేసిన రోజు నుంచి 7.5 శాతం వడ్డీ వేస్తే, మూడేళ్లు నడిచిన కేసులో 52 లక్షలు దాటుతుంది. చనిపోయింది రోజుకూలీకి దగ్గరగా ఉండే మేస్త్రి కాబట్టి ఇంత. అదే నెలకు లక్ష జీతం ఉన్న ఉద్యోగి అయితే లెక్క కోట్లలోకి వెళ్తుంది.

కంపెనీ ఈ డబ్బు కోసం మళ్లీ కొత్త దావా వేయనక్కర్లేదు. వసూలు అనుమతి తీర్పులోనే ఉంటే అదే ట్రిబ్యునల్‌లో తీర్పు అమలు కోసం ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసి ఇల్లు, స్థలం, బ్యాంకు ఖాతా జప్తుకు వెళ్లొచ్చు. గమనించాల్సిన మాట, ఇది ముందుగా పడేది బండి ఎవరి పేరు మీద ఉందో వారి మీద. స్నేహితుడు తాగి ఉన్నాడని తెలిసి తాళాలిచ్చిన మనిషి నేను నడపలేదు అంటే చెల్లదు. క్రిమినల్ వైపు కూడా, 185 నేరానికి సహకరించినవారికి అదే శిక్ష అని సెక్షన్ 188 చెబుతుంది. మైనర్ నడిపితే 199ఎ కింద తల్లిదండ్రికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు లేదు. అమ్మేసిన పాత బండి ఇంకా మీ పేరు మీదే తిరుగుతుంటే ఈ రాత్రే ఆ పేరు మార్పు సంగతి చూడండి. ఆర్సీలో పేరున్నంతకాలం ట్రిబ్యునల్‌కు మీరే యజమాని.

మరణం జరిగితే క్రిమినల్ కేసు కూడా 185 దగ్గర ఆగదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో రెండు సెక్షన్ల మధ్య తేడా మనిషి జీవితాన్ని మార్చేస్తుంది. 106(1) నిర్లక్ష్యంతో మరణం. ఐదేళ్ల దాకా శిక్ష, బెయిల్ హక్కుగా వస్తుంది. 105 హత్య కాని నరహత్య. ఇలా నడిపితే మనిషి చచ్చిపోవచ్చని తెలిసీ చేశాడని తేలితే పదేళ్ల దాకా శిక్ష, నాన్ బెయిలబుల్, విచారణ సెషన్స్ కోర్టులో. తాగి ఉండటం కేసును మొదటి సెక్షన్ నుంచి రెండోదానికి నెడుతుంది. 2006లో ముంబై కార్టర్ రోడ్డులో పేవ్‌మెంటు మీద నిద్రపోతున్న కూలీలపైకి కారెక్కి ఏడుగురు చనిపోయిన కేసులో, 1999 నాటి ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసులో, సుప్రీంకోర్టు 2012లో పాత ఐపీసీ 304 రెండో భాగాన్నే ఖాయం చేసింది. ఇప్పటి 105 దానికి వారసురాలు. మద్యం వల్ల ఏం చేస్తున్నానో తెలియలేదు అన్న వాదన స్వయంగా తాగినవాడికి పనికిరాదు.

ఎదుటి మనిషి దెబ్బలతో బయటపడితే న్యాయ సంహిత 125 వర్తిస్తుంది. ఎముక విరగడం లాంటి తీవ్ర గాయమైతే మూడేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. గుద్ది పారిపోతే మోటారు వాహనాల చట్టం 134, 187 కింద ఇంకో నేరం తోడవుతుంది. తాగి ఉన్నామన్న భయంతో పారిపోవడమే మామూలుగా జరిగేది, కానీ ఆగి 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి చేర్చిన మనిషికీ, వదిలేసి పోయిన మనిషికీ శిక్ష వేసేటప్పుడు కోర్టు చూసే చూపు వేరు. ఇక గుద్దుకున్న మనిషి బతకడం అన్నది ఆ మొదటి నిమిషాల మీదే ఆధారపడుతుంది.

పాస్‌పోర్టు, ఉద్యోగం, వీసా

కోర్టులో కేసు నడుస్తుండగా పాస్‌పోర్టుకు వెళ్తే పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) అడ్డు వస్తుంది. పెండింగ్ క్రిమినల్ కేసు ఉన్నవారికి కోర్టు అనుమతి ఉంటేనే ఇస్తారు. అందుకే విదేశీ చదువుకు సిద్ధమవుతున్న విద్యార్థి ఈ కేసును వాయిదాల మీద వాయిదాలు వేయించుకోవడం తనకే నష్టం. ప్రభుత్వ ఉద్యోగాల ధ్రువీకరణ పత్రంలో కేసుల గడి ఉంటుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దారి ఏమిటంటే, చిన్న కేసును నిజాయితీగా చెబితే అధికారి దాని తీవ్రతను బట్టి నిర్ణయం తీసుకుంటాడు. దాచిపెడితే దాచడమే ఉద్యోగం తీసేయడానికి కారణం కావొచ్చు. ఆర్టీసీ డ్రైవర్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు, డిపోలో డ్యూటీ ఎక్కకముందే ఊదిస్తారు.

అమెరికాలో ఉన్న తెలుగు విద్యార్థులకు, ఉద్యోగులకు ఒక హెచ్చరిక. అక్కడ చాలా రాష్ట్రాల్లో పరిమితి 0.08 శాతం, మన కొలతలో 80. యూటాలో 50. అంకె మనకన్నా పెద్దది కాబట్టి చట్టం మెత్తన అనుకోకూడదు. డీయూఐ, అంటే తాగి నడిపిన కేసులో అరెస్టు సమాచారం అందితే, శిక్ష పడకముందే వీసా రద్దు చేసే విధానం అక్కడి విదేశాంగ శాఖకు ఉంది. రద్దయినంత మాత్రాన వెంటనే దేశం విడవాల్సిన పని లేకపోవచ్చు. కానీ ఒకసారి ఇండియాకు వస్తే మళ్లీ వీసా స్టాంపింగ్ దాటాలి, అక్కడ వైద్య పరీక్షకు పంపడం మామూలు. లైసెన్సు సంగతి వేరుగా, వేగంగా నడుస్తుంది. కాలిఫోర్నియాలో అరెస్టయిన 10 రోజుల్లోగా డీఎంవీ (అక్కడి మోటారు వాహనాల శాఖ) హియరింగ్ అడగకపోతే సస్పెన్షన్ దానంతటదే అమలవుతుంది. దుబాయ్, అబుదాబిల్లో డ్రైవర్లుగా ఉన్నవారు 2025 మార్చి నుంచి అమల్లో ఉన్న యూఏఈ ట్రాఫిక్ చట్టాన్ని గుర్తుంచుకోవాలి. మద్యం తాగి నడిపితే 20,000 నుంచి లక్ష దిర్హమ్‌ల దాకా జరిమానా, జైలు కూడా.

ఇక్కడి కేసు అక్కడికీ వెంట వస్తుంది. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160లో ఎప్పుడైనా, ఏ దేశంలోనైనా అరెస్టు లేదా శిక్ష పడిందా అన్న ప్రశ్న ఉంది. హైదరాబాద్‌లో ఐదేళ్ల కిందట కట్టిన పదివేలు కూడా ఆ ప్రశ్న కిందికే వస్తాయి. అందువల్ల కేసు ముగిసిన రోజే కోర్టు నుంచి తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, జరిమానా రసీదుతో కలిపి దాచుకోవాలి. అనర్హత గడువు ముగిశాక పరివాహన్ పోర్టల్‌లో లైసెన్సు స్థితి చూసి, అక్కడ యాక్టివ్ అని కనిపించిన తర్వాతే బండి తీయాలి. సస్పెన్షన్ ముగిసిందని మనం లెక్కపెట్టుకున్న తేదీ, ఆర్టీఏ రికార్డులోని తేదీ ఒకటే కాకపోవచ్చు. ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ చూసేది రెండోదాన్నే.